పైకి తీశాక తడి ఆరకుండా చూసేదెవరు?

మునిగిన ఓడల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి జవాబులు రాస్తున్నాను. నాకు డైవింగ్ రాదు, లా చదవలేదు. సముద్రం నుంచి వచ్చిన వస్తువులను కాపాడే ప్రయోగశాలలో 26 ఏళ్లు పనిచేశాను. అందుకని చట్టం గురించి అడిగినా, డబ్బు గురించి అడిగినా నా కళ్ల ముందు మెదిలేది నీళ్ల తొట్టే. జవాబులు చదివేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను సరదాగా డైవింగ్ చేస్తుంటాను. మూడు నెలల కిందట ఇసుకలో సగం కూరుకుపోయిన పాత ఓడ దగ్గర ఒక ఇనుప గుండు, మట్టి కూజా మూతి ముక్క దొరికాయి. ఇంటికి తెచ్చి శుభ్రంగా కడిగి ఆరబెట్టాను. ఇప్పుడు గుండు మీద నారింజ రంగులో చెమట పడుతోంది, పెచ్చులు ఊడుతున్నాయి. కూజా ముక్క మీద తెల్లటి పొడి లేస్తోంది. నూనె రాయమంటారా, వార్నిష్ వేయమంటారా?

జవాబు: రెండూ వద్దు. ముందు కడగడం, తోమడం, పెచ్చులు గీకడం ఆపండి.

మీ చేతికి వచ్చింది పోత ఇనుప ఫిరంగి గుండు అయ్యుండాలి. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో పడున్న పోత ఇనుములోంచి ఇనుము మెల్లమెల్లగా కరిగిపోతుంది. లోపలి గ్రాఫైట్ మాత్రం గూడు కట్టినట్టు నిలబడుతుంది. అందుకే చూడ్డానికి గుండు గుండులాగే ఉంటుంది, ఎత్తితే మాత్రం అనుకున్నంత బరువుండదు. ఆ గూటి సందుల నిండా సముద్రపు ఉప్పులోని క్లోరైడ్లు చేరి ఉంటాయి. గాలి తగిలి తడి ఆరిందా, ఆక్సిజన్, చెమ్మ, క్లోరైడ్ మూడూ కలిసి కొత్త తుప్పు పుట్టిస్తాయి. ఆ తుప్పుకు పాత ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. చోటు చాలక పెచ్చులు లేస్తాయి. మీరు చెమట అంటున్న బొట్లు ఐరన్ క్లోరైడ్ ద్రవం, ఆమ్లగుణం ఉన్నది. పైన నూనె రాసినా వార్నిష్ వేసినా ఉప్పు లోపలే ఉండి తన పని తాను చేసుకుపోతుంది.

మా దగ్గరికి ఇలాంటి గుండు వస్తే సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన నీళ్లలో ముంచి, సన్నగా కరెంటు పంపుతాం. ఉప్పు కొంచెం కొంచెంగా నీళ్లలోకి దిగుతుంది. ఎంత దిగిందో కొలుస్తాం, పేరుకోగానే పారబోసి కొత్త నీళ్లు పోస్తాం. ఫిరంగి అయితే ఏళ్లు పడుతుంది. అమెరికా అంతర్యుద్ధం నాటి మానిటర్ అనే ఇనుప యుద్ధనౌక 1862 డిసెంబరు 31న మునిగింది. గుండ్రంగా తిరిగే దాని ఫిరంగి గోపురాన్ని 2002లో పైకి తీశారు. 20 ఏళ్లు దాటాక కూడా దాని చికిత్స తొట్టిలోనే సాగుతూ వచ్చింది.

కూజా ముక్క కథ కూడా ఉప్పుదే. మట్టి రంధ్రాల్లోకి చేరిన ఉప్పు, నీరు ఆవిరైపోయాక గడ్డకట్టి స్ఫటికమవుతుంది. ఆ స్ఫటికాలే లోపలి నుంచి తోసి మెరుపు పూతను ఊడగొడతాయి.

ఇప్పుడు మీరు చేయగలిగింది ఇంతే. ఎండిపోయిన వాటిని మళ్లీ మీరే నీళ్లలో వేయకండి. గాలి చొరబడని డబ్బాలో, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో, రెండింటినీ విడివిడిగా పెట్టండి. ఫొటోలు తీయండి. ఈ రోజే కూర్చుని, గుండు ఎంత లోతులో, ఓడకు ఏ వైపున, దేని పక్కన దొరికిందో గుర్తున్నదంతా రాయండి. తర్వాత మీ దేశంలో ఈ పని చూసే అధికారి దగ్గరికి వెళ్లండి. బ్రిటన్‌లో అయితే మునిగిన ఓడ నుంచి ఏది తీసినా 28 రోజుల్లోగా ‘రిసీవర్ ఆఫ్ రెక్’ అనే అధికారికి తెలపాలి. అసలు యజమాని ముందుకు రావడానికి ఏడాది గడువిస్తారు. కార్యాలయం పేరు, గడువు దేశానికో రకంగా ఉంటాయి. ఆలస్యమైందన్న భయంతో దాచకండి. మీరు దాచిన ప్రతి వారం ఆ గుండు కొంత రాలిపోతుంది.

మీ మీద నాకు కోపం లేదు. కడిగి ఆరబెట్టడం శుభ్రత అనే కదా మనందరికీ నేర్పింది. సముద్రపు వస్తువు విషయంలో మాత్రం ఆరబెట్టడమే దెబ్బ.

ప్రశ్న: 200, 300 ఏళ్ల కిందట మునిగిన ఓడ. అడిగే నాథుడు లేడు. ప్రాణాలకు తెగించి వెతికి, సొంత డబ్బు పోసి తీసినవాడికి చెందకపోతే ఇంకెవరికి చెందుతుంది?

జవాబు: అడిగే నాథుడు లేడని అనుకున్నవాళ్లు చాలాసార్లు కోర్టుల్లో భంగపడ్డారు. ఒక్క ఉదాహరణ చెబుతాను.

1804 అక్టోబరు 5న నుయెస్త్రా సెన్యోరా దె లాస్ మెర్సెదెస్ అనే స్పెయిన్ యుద్ధనౌక, పోర్చుగల్ దక్షిణ తీరానికి అవతల బ్రిటిష్ నౌకలతో జరిగిన పోరులో పేలిపోయి మునిగింది. 2007లో ఒడిస్సీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ అనే అమెరికా కంపెనీ అక్కడి నుంచి సుమారు 5,94,000 నాణేలు తీసి విమానాల్లో ఫ్లోరిడాకు తరలించింది. ఓడ పేరు బయటపెట్టకుండా ‘బ్లాక్ స్వాన్’ అని మారుపేరు పెట్టుకుంది. స్పెయిన్ అమెరికా కోర్టుకే వెళ్లింది. యుద్ధనౌక ఎన్నేళ్లు నీళ్లలో ఉన్నా ఆ దేశం వదులుకున్నానని చెప్పనంత వరకూ ఆ దేశానిదే, దాని మీద మరో దేశపు కోర్టు హక్కులు పంచే వీల్లేదు అన్నది వాదన. కోర్టులు ఒప్పుకున్నాయి. 2012 ఫిబ్రవరిలో రెండు సైనిక విమానాల్లో 17 టన్నుల సొమ్ము స్పెయిన్ చేరింది. ఆ వెండి మా గడ్డ మీద తవ్వి ముద్రించింది కదా అని పెరూ కూడా వచ్చింది గానీ, కోర్టులో నెగ్గలేదు. న్యాయంగా ఆలోచిస్తే పెరూ మాట కొట్టిపారేయదగ్గది కాదని నా అభిప్రాయం. కొలంబియా తీరంలో 1708లో మునిగిన సాన్ హోసే ఓడ విషయంలోనూ ఇలాగే కొలంబియా, స్పెయిన్, ఒక అమెరికా కంపెనీ, తమ పూర్వీకులు ఆ వెండి తవ్వారంటున్న బొలీవియాలోని కారా కారా ప్రజలు తలా ఒక వైపు నిలబడ్డారు. అడిగే నాథులు లేకపోవడం కాదు, ఎక్కువైపోతారు.

కంపెనీలు ఆధారం చేసుకునేది ‘సాల్వేజ్’ చట్టాన్ని. ప్రమాదంలో ఉన్న ఓడను, సరుకును కాపాడినవాడికి బహుమానం ఇవ్వాలన్నది దాని మూలం. తుపానులో ఊగుతున్న ఓడ విషయంలో అది ఎంతో గొప్ప నియమం, దాని వల్ల ఎందరి ప్రాణాలో దక్కాయి. మునిగి శతాబ్దాలైన ఓడకు మాత్రం అది అతకదు. సముద్రం పాడు చేయాల్సినంత మొదటి కొన్ని దశాబ్దాల్లో పాడు చేస్తుంది. తర్వాత ఇసుక కప్పుకుని, గాలి అందక, చెక్క, ఇనుము, నీరు ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. అలా సర్దుకున్న దాన్ని కదిలించి పైకి తెచ్చిన క్షణం నుంచీ అసలు ప్రమాదం మొదలవుతుంది. ప్రమాదం నుంచి కాపాడానని బహుమానం అడిగేవాడే ప్రమాదం తెచ్చిపెట్టినవాడవుతున్నాడు. నా తొట్లలో నేను చూసింది ఇదే.

ప్రశ్న: అంత ఖరీదైన సంరక్షణకు డబ్బెక్కడిది? ఒకే రకం నాణేలు లక్షల్లో దొరికితే మ్యూజియానికి వంద ఉంచి మిగతావి అమ్మేస్తే ఆ డబ్బుతోనే అన్నీ కాపాడొచ్చు కదా?

జవాబు: ఇది తెలివైన ప్రశ్న, మంచి మనసుతో అడిగిన ప్రశ్న. అందుకే కొంచెం పొడుగ్గా చెబుతాను.

మొదట ఆ ‘ఒకే రకం’ అన్న మాట. వెండి నాణెం సముద్రంలో నల్లబడి, పక్కవాటితో అతుక్కుని ముద్దవుతుంది. ఆ ముద్దకు అప్పుడప్పుడు సంచి ఆకారం ఉంటుంది, సంచి ఎప్పుడో కుళ్లిపోయినా సరే. విడదీసి శుభ్రం చేస్తే ఒక్కో నాణెం మీదా ఏ టంకశాల, ఏ ఏడు, వెండి నాణ్యత పరీక్షించిన అధికారి గుర్తు ఏది అన్నవి కనిపిస్తాయి. ఏ సంచిలో ఏ ఏటివి ఎన్ని ఉన్నాయో లెక్కవేస్తే ఆ ఓడ ఎవరి డబ్బు మోసిందో తెలుస్తుంది. వంద ఉంచుకుని మిగతావి అమ్మితే ఆ లెక్క మళ్లీ ఎప్పటికీ వేయలేం. ఒక పుస్తకంలో ‘క’ అక్షరం చాలాసార్లు వచ్చిందని, పది ఉంచి మిగతావి కత్తిరించి అమ్ముకోం కదా.

రెండోది, ఏది పనికొస్తుందో మొదట్లో ఎవరికీ తెలియదు. గ్రీసులోని ఆంటికితేరా ద్వీపం దగ్గర స్పాంజి డైవర్లు కనిపెట్టిన ఓడ నుంచి 1901లో కంచు, పాలరాతి విగ్రహాలు వచ్చాయి. వాటి మధ్య పచ్చగా తుప్పుపట్టిన ఒక గడ్డ కూడా ఉంది. దాన్నెవరూ పట్టించుకోలేదు. 1902లో దానిలో పళ్ల చక్రం కనిపించింది. సూర్యచంద్రుల గమనాన్ని, గ్రహణాలను లెక్కగట్టే 2,000 ఏళ్ల నాటి యంత్రం అది. ఆ రోజు ఎవరైనా ‘మంచివి ఉంచి చెత్త అమ్మేద్దాం’ అని ఉంటే మొదట పోయేది ఆ గడ్డే.

మూడోది, అమ్మడానికే తీసేవాడి కళ్లు అమ్ముడుపోయే వాటినే వెతుకుతాయి. 1752లో దక్షిణ చైనా సముద్రంలో మునిగిన గెల్డర్‌మాల్సెన్ అనే డచ్చి ఓడను 1985లో మైకేల్ హాచర్ బృందం ఖాళీ చేసింది. లక్షన్నర దాకా పింగాణీ వస్తువులు, 125 బంగారు కడ్డీలు 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలానికి వెళ్లాయి. ఓడ కట్టుబడి ఎలా ఉందో, ఏ పెట్టె ఎక్కడ సర్దారో, నావికులు ఏ గిన్నెల్లో తిన్నారో సరైన పటం, రాత లేవు. పళ్లాలు ప్రపంచమంతా చెదిరిపోయాయి. ఆ ఓడ గురించి ఇక కొత్తగా ప్రశ్న అడిగే వీల్లేదు.

నీళ్లడుగున ఉన్న వారసత్వాన్ని కాపాడాలని 2001లో యునెస్కో చేసిన ఒడంబడిక ఈ అనుభవాలన్నీ చూశాకే వచ్చింది. కనీసం 100 ఏళ్లు నీళ్లలో ఉన్న వాటికి అది వర్తిస్తుంది. 2009 జనవరిలో అమల్లోకి వచ్చింది. దాని వెనక 36 నిబంధనలున్న అనుబంధం ఉంది. వస్తువులతో వ్యాపారం కూడదని రెండో నిబంధన. అందరూ దాన్నే చెప్పుకుంటారు. నా దృష్టిలో అంతకంటే బరువైనది 17వది. నీళ్లలోకి దిగకముందే, తవ్వకానికే కాదు, వస్తువుల సంరక్షణకు, భద్రపరచడానికి, నివేదిక ప్రచురించడానికి సరిపడా డబ్బు సమకూరి ఉండాలంటుందది. అత్యవసరంగా కాపాడాల్సి వస్తేనే మినహాయింపు. మీ ప్రశ్నకు నా జవాబు అదే. డబ్బు తర్వాత అమ్మి తెచ్చుకునేది కాదు, ముందే చేతిలో ఉండాల్సింది. లేకపోతే తీయకూడదు.

ఒడంబడికలో లేని దేశాలు కూడా ఉన్నాయి. అమెరికా అలాంటిదే. అక్కడ కూడా టైటానిక్ విషయంలో కోర్టు ఒక దారి చూపించింది. ఆ ఓడ దగ్గర నుంచి 1987 మొదలుకొని తీసిన వస్తువులు సుమారు 5,500. వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు 2011లో వాటిలో చాలా భాగం మీద, తీసిన కంపెనీకి హక్కు ఇస్తూనే, విడదీసి అమ్మకూడదు, ఒకే సేకరణగా ఉంచి సంరక్షించాలి, ప్రజలకు చూపించాలి అని షరతులు పెట్టింది. 2016లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అప్పుల కోసం కొన్నిటిని విడిగా అమ్ముకోవాలని చూసినా సాగలేదు. 2018లో సేకరణ మొత్తం 1.95 కోట్ల డాలర్లకు మరొకరి చేతికి వెళ్లింది, షరతులతో సహా. యజమాని మారాడు, పెట్టె మాత్రం విడిపోలేదు. వ్యాపారం వద్దనే దాన్నే అయినా, ఆ షరతులు రాసిన చేతికి నేను దణ్ణం పెడతాను.

ప్రశ్న: అయితే మీరు చెప్పేది అన్నిటినీ నీళ్లడుగునే కుళ్లిపోనివ్వమనా? పిల్లలు చూసి నేర్చుకునేదెలా?

జవాబు: ఉన్నచోటే ఉంచడం గురించి ముందు ఆలోచించండి అంటోంది ఒడంబడిక. తీయనే కూడదని అనలేదు. తీసి గొప్పగా కాపాడినవీ ఉన్నాయి. స్వీడన్‌లో 1628లో తొలి ప్రయాణంలోనే మునిగిన వాసా ఓడను 1961లో పైకి తెచ్చారు. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ కాబట్టి చెక్కను తొలిచే ఓడపురుగు అక్కడ బతకదు. ఆ పుణ్యాన ఓడ దాదాపు నిండుగా దక్కింది. తర్వాత నీటిలో కరిగే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనాన్ని 17 ఏళ్లు దాని మీద చల్లారు. ఎందుకంటే నానిన చెక్క కణాల్లో గట్టిదనమంతా సూక్ష్మజీవులు తినేసి ఉంటాయి, లోపలి నీరే గోడల్ని నిలబెడుతుంది. ఆ నీరు ఆవిరైపోతే గోడలు కుంగి చెక్క ముడుచుకుపోతుంది. నీటి స్థానంలో మైనం నెమ్మదిగా చేరాలి. అన్నీ చేశాక, 2000లో, చెక్క మీద ఆమ్లపు పొక్కులు కనిపించాయి. రేవు నీళ్లలోంచి పీల్చుకున్న గంధకం, తుప్పుపట్టిన మేకుల ఇనుము కలిసి ఆమ్లం తయారు చేస్తున్నాయి. పైకి తీసిన 40 ఏళ్లకు కొత్త జబ్బు. ఇంగ్లండులో 1982లో తీసిన మేరీ రోజ్ అనే పాత యుద్ధనౌక మీద ఇలాంటి జల్లులు ఆపింది 2013లో.

అలా చూసుకునే దేశమూ, డబ్బూ, ఓపికా ఉంటే తీయండి, పిల్లలకు చూపించండి. లేనప్పుడు ఏమవుతుందో నేను చూశాను.

ఒక సంస్థ తుపాను తర్వాత బయటపడిన ఓడ నుంచి హడావుడిగా కొన్ని వస్తువులు తీయించి మా దగ్గరికి పంపింది. వాటిలో తెరచాప తాడు లాగే చెక్క గిలక ఒకటుంది, అరచేయంత. దాని గాడి ఒకవైపు మాత్రమే ఎక్కువ అరిగింది. ఎవరో ఒక నావికుడు ఎప్పుడూ ఒకే పక్కన నిలబడి తాడు లాగి ఉండాలి. దానికి నేను వేలు ఆనించి చూసేదాన్ని. డైవింగ్ కోసం మంజూరైన డబ్బు డైవింగ్‌తోనే అయిపోయింది, సంరక్షణ ఖాతా అసలు తెరవనే లేదు. ఏడాది తర్వాత వస్తువుల్ని తిరిగి తీసుకెళ్లారు. నీళ్లు ఎన్నాళ్లకోసారి మార్చాలో కాగితం మీద రాసి తొట్టికి అంటించి పంపాను. రెండేళ్లకు నేను వెళ్లి చూసేసరికి తొట్టి ఎండిపోయి ఉంది. గిలక మూడు చీలికలై, సగానికి ముడుచుకుపోయింది. గాడి లేదు. నేను అంటించిన కాగితం అలాగే ఉంది.

అప్పటి నుంచి ఉన్నచోటే ఉంచడం అనే మాట నాకు ఓటమిలా వినిపించదు. కెనడాలోని రెడ్ బే దగ్గర 16వ శతాబ్దపు బాస్క్ తిమింగల వేట ఓడను 1978 నుంచి 1985 దాకా తవ్వి, దుంగ దుంగనూ విడదీసి పైకి తెచ్చి, కొలతలు, బొమ్మలు, అచ్చులు తీసుకుని, మళ్లీ నీళ్లడుగునే పాతిపెట్టారు. ఆ కొలతలతో ఓడ నమూనా కట్టి చూపించొచ్చు, అసలుది చల్లని ఇసుకలో భద్రం. క్రొయేషియాలో రోమన్ కాలపు కూజాల గుట్టల మీద ఇనుప పంజరాలు బిగించారు. డైవర్లు బయటి నుంచి చూస్తారు, చెయ్యి పెట్టలేరు. నీళ్లలో ఉన్నవాటిని జనానికి చూపించడాన్ని ప్రోత్సహించాలని ఒడంబడిక నిబంధనల్లోనే ఉంది. కాకపోతే ఉన్నచోట ఉంచడమంటే మరిచిపోవడం కాదు. ఇసుక కొట్టుకుపోయిందా, వల ఈడ్చుకుపోయిందా అని ఏటా దిగి చూసే మనిషి కావాలి. దానికీ ఖర్చుంది, తొట్టి కంటే తక్కువే.

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో ఓడతో పాటే మునిగిపోయారు. ఆ ఓడను ఎవరైనా పాత ఇనుముకు కోసేస్తే అడ్డుకునే చట్టం ఉందా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ భయం నిజమే. 1942 ఫిబ్రవరిలో జావా సముద్రపు యుద్ధంలో మునిగిన డచ్చి నౌకలు దె రౌటర్, జావా దాదాపు మొత్తం మాయమయ్యాయని, కోర్టెనార్‌లో చాలా భాగం లేదని 2016లో దిగిన డైవర్లు కనుక్కున్నారు. ఉన్నచోట ఓడ ఆకారంలో గుంట మాత్రం మిగిలింది.

యునెస్కో ఒడంబడికకు 100 ఏళ్ల లెక్క ఉంది కాబట్టి ఆ యుద్ధపు ఓడలు ఇంకా దాని కిందికి రావు. మీకు ఆసరా యుద్ధనౌక హక్కే. మీ తాతగారిది యుద్ధనౌక అయితే, మెర్సెదెస్ విషయంలో స్పెయిన్ నెగ్గిన వాదనే దానికీ వర్తిస్తుంది. ఏ దేశపు జెండా కింద ఆయన పనిచేశారో ఆ దేశపు నౌకాదళానికి రాయండి, ఓడ పేరు, మునిగిన తేదీ ఇచ్చి, స్థలం మీద నిఘా ఉందా అని అడగండి. బంధువులు అడిగిన ఓడకూ, అడగని ఓడకూ తేడా ఉంటుంది.

అస్థికల దగ్గర మాత్రం ఒడంబడిక నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి, అనవసరంగా కదిలించకూడదు. కదిలించాల్సి వచ్చినప్పుడు ఎలా ఉండాలో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో మునిగిన హన్లీ జలాంతర్గామిని 2000లో పైకి తీశాక అందులోని 8 మందిని గుర్తించే పని ఓపికగా చేసి, 2004లో చార్ల్‌స్టన్‌లో అంత్యక్రియలు జరిపి ఖననం చేశారు. మా ప్రయోగశాలలో ఎముక ఏదైనా బయటపడితే ఆ గదిలో రేడియో కట్టేసేవాళ్లం. అది ఎవరూ పెట్టిన నియమం కాదు.

ప్రశ్న: నేను కెమిస్ట్రీ డిగ్రీ చదువుతున్నాను. ఈ పనిలోకి రావాలంటే డైవింగ్ తప్పనిసరా?

జవాబు: అక్కర్లేదమ్మా. నేను ఒక్కసారి కూడా నీళ్లలోకి దిగలేదు. నీకు కావాల్సింది తుప్పు రసాయనం, చెక్క నిర్మాణం, ఎక్స్‌రే చదవడం. సున్నపు గట్టి గుల్ల కట్టిన వస్తువు వస్తే సుత్తి పట్టుకోకముందు ఎక్స్‌రే తీస్తాం. ఒక్కోసారి లోపల ఇనుము పూర్తిగా పోయి ఖాళీ మాత్రమే ఉంటుంది. ఆ ఖాళీలో ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసి, గుల్ల తీసేస్తే 300 ఏళ్ల నాటి గొడ్డలి ఆకారం చేతికొస్తుంది. ఆ రోజు అన్నం సయించదు సంతోషంతో.

డిగ్రీ అయ్యాక సంరక్షణ శాస్త్రంలో పీజీ చేయి. ఈలోపు క్లోరైడ్ టైట్రేషన్, అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందో కొలిచే పరీక్ష, కళ్లు మూసుకుని చేయగలిగేంత సాధన చేసుకో. మొదటి రెండేళ్లు నీకు అప్పగించే పని అదే. పొద్దున్నే తొట్టి తొట్టికీ నమూనా తీసి, అంకె కొలిచి, తేదీతో నోట్‌బుక్‌లో రాయడం. ఆదివారం కూడా.